సర్వే ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ ప్రకటనలు: మీ వివరాలు పార్టీల చేతికి పోకుండా చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుంచి అడిగినా, పలాస నుంచి అడిగినా, ఆమదాలవలస నుంచి అడిగినా ప్రశ్న దాదాపు ఒకటే. "పార్టీ ఆఫీసు నుంచి పేరు పెట్టి మరీ ఫోన్ చేశారు. నా నంబరు వాళ్లకి ఎలా దొరికింది? ఇక రాకుండా ఏం చెయ్యాలి?"

మొదటిదానికి జవాబు చిన్నదే. ఓటర్ల జాబితా పార్టీలకు అధికారికంగానే అందుతుంది. అందులో మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు. మీకు ఏ నాయకుడంటే ఇష్టమో, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో, ఏ పథకం ఆగిందని కోపంగా ఉన్నారో అసలే ఉండదు. అవన్నీ మన ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో ఉంటాయి. బూత్ జాబితాలోని ఫలానా సీరియల్ నంబరు మనిషి, ఆ పోస్టుకి లైక్ కొట్టిన మనిషి ఒక్కరేనని తేల్చే ముడి మీ ఫోన్ నంబరు. అందుకే కింది పనులన్నీ నంబరుతోనే మొదలవుతాయి. వరస మార్చకండి.

ఏ పార్టీ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పద్ధతి అందరిదీ ఒకటే.

## 1. కూర్చునే ముందు

ఆదివారం మధ్యాహ్నం లాంటి సమయం చూసుకోండి. ఒక్కో ఫోన్‌కు గంటన్నర పట్టొచ్చు.

- ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.
- ఫేస్‌బుక్, వాట్సాప్ యాప్‌లు అప్‌డేట్ చేయండి. పాత వెర్షన్‌లో సగం సెట్టింగులు కనిపించవు.
- ఇంట్లో అందరి ఫోన్లూ దగ్గర పెట్టుకోండి. మీ ఫోన్ ఎంత బిగించినా అమ్మ ఫోన్‌లో మీ నంబరు, మీ పేరు, ఊరు అన్నీ ఉంటాయి.
- ఒక నోట్‌బుక్. ఏ ఫోన్‌లో ఏది మార్చారో రాసుకోకపోతే రెండో ఫోన్‌కే తికమక పడతారు.

సెట్టింగుల పేర్లు కంపెనీలు అప్పుడప్పుడు మారుస్తుంటాయి. ఇక్కడ రాసిన మాట అక్షరాలా కనిపించకపోతే సెట్టింగ్స్‌లో పైనుండే వెతుకు పెట్టెలో దగ్గరి మాట కొట్టి చూడండి.

## 2. బయటివాళ్లకి మీరెలా కనిపిస్తున్నారు?

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ అవ్వకుండా మీ ఫేస్‌బుక్ పేరు, ఊరి పేరు కలిపి వెతకండి. తర్వాత మీ ఫోన్ నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అపార్ట్‌మెంట్ సంఘం జాబితా, పాత ఉద్యోగ ప్రకటన, దుకాణం పేజీ, ఎక్కడో ఒకచోట బయటపడొచ్చు.

ఇది వట్టి కుతూహలం కోసం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, మీ అంతట మీరే అందరికీ కనిపించేలా పెట్టిన వివరాలకు వర్తించదు. పబ్లిక్ పోస్టులో పెట్టిన ఫోన్ నంబరును ఎవరో ఎత్తుకుపోయారని ఆ చట్టం కింద తర్వాత ఫిర్యాదు చేద్దామంటే కుదరదు. ముందే దాచుకోవాలి.

## 3. ఫోన్ నంబరు ముడి విప్పడం

2021 ఏప్రిల్‌లో 53 కోట్లకు పైగా ఫేస్‌బుక్ ఖాతాల ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లో పడ్డాయి. అందులో దాదాపు 60 లక్షలు భారతీయులవి. ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. నంబరు కొడితే మనిషిని చూపించే సదుపాయాన్నే అడ్డం పెట్టుకుని కుప్పలుగా లాగేశారు. కాబట్టి మొదటి పని ఆ తలుపు మూయడం.

ఫేస్‌బుక్‌లో:

1. సెట్టింగ్స్ అండ్ ప్రైవసీలోకి వెళ్లి, మిమ్మల్ని ఎవరు వెతకగలరు, సంప్రదించగలరు అనే భాగం తెరవండి.
2. ఫోన్ నంబరుతో ఎవరు వెతకగలరు అన్నచోట "ఓన్లీ మీ" పెట్టండి. ఈమెయిల్‌కూ అదే.
3. ప్రొఫైల్‌లో ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, సొంత ఊరు కనిపిస్తుంటే వాటినీ "ఓన్లీ మీ" చేయండి.
4. ఫ్రెండ్స్ జాబితా ఎవరికి కనిపించాలన్న చోట కూడా అంతే. మన వైపు ఫ్రెండ్స్ జాబితా చూస్తే ఇంటిపేర్లను బట్టే చుట్టరికాలు, కులం, ఊరు అన్నీ తెలిసిపోతాయి.
5. "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" నొక్కండి. పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు పరిమితమవుతాయి.

ట్రూకాలర్‌లో మీ నంబరు ఏ పేరుతో కనిపిస్తోందో స్నేహితుడి ఫోన్‌లో చూడండి. మీరు పెట్టని పేరు కూడా అక్కడ ఉండొచ్చు. ఎవరో సూచించిన "శీను, ఫలానా పార్టీ" అన్న పేరే మిమ్మల్ని ఒక గడిలో కూర్చోబెడుతుంది. తీసేయాలంటే, ఖాతా ఉంటే ముందు అది డీయాక్టివేట్ చేసి, తర్వాత ట్రూకాలర్ వెబ్‌సైట్‌లో అన్‌లిస్ట్ చేయమని నంబరు ఇవ్వాలి. ఖాతా ఉండగా అన్‌లిస్ట్ చేద్దామంటే కుదరదు.

## 4. పాత క్విజ్‌లు, పాత యాప్‌లు

"మీరు గత జన్మలో ఎవరు?", "మీ ముఖం ఏ హీరోకి దగ్గర?" లాంటివి ఎప్పుడో సరదాకి నొక్కి ఉంటారు. నొక్కడం మరిచిపోయినా ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోవచ్చు.

ఎన్నికల ప్రచారాల కోసం ఓటర్ల డేటా విశ్లేషించిన కేంబ్రిడ్జ్ అనలిటికా కంపెనీ వ్యవహారం ఇలాంటి ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌తోనే నడిచింది. 2018 మార్చిలో అది బయటపడింది. భారత్‌లో ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మందేనని ఫేస్‌బుక్ చెప్పింది. వాళ్ల స్నేహితులతో కలిపి ప్రభావితమై ఉండొచ్చన్న లెక్క మాత్రం 5,62,455. అంత తేడా వచ్చింది స్నేహితుల వల్లే. ఆ యాప్ పెట్టుకున్నవాళ్ల ఫ్రెండ్స్ వివరాలు కూడా అప్పటి ఫేస్‌బుక్ ఇచ్చేసేది. 2021 జనవరిలో దీనిమీద సీబీఐ కేసు కూడా నమోదు చేసింది. ఫ్రెండ్స్ వివరాలు ఇచ్చే ఆ దారి ఇప్పుడు మూసేశారు గానీ, మీ సొంత అనుమతులు మీరే తీసుకోవాలి.

- ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో "యాప్స్ అండ్ వెబ్‌సైట్స్" తెరవండి. పేరు చూసి గుర్తుపట్టలేనివన్నీ "రిమూవ్" చేయండి.
- గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద, ఇతర యాప్‌లకు ఇచ్చిన అనుమతులు ఉంటాయి. అక్కడా అదే పని.
- ఫోన్‌లో కాంటాక్ట్స్ అనుమతి ఏ ఏ యాప్‌లకు ఉందో చూడండి. పార్టీల యాప్‌లకు, నాయకుల పేరు మీదున్న యాప్‌లకు కాంటాక్ట్స్, లొకేషన్ ఇవ్వాల్సిన అవసరం లేదు. వార్తలు చదవడానికి మీ బావమరిది నంబరు దేనికి?

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చాలనుకోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. యాప్ పోతుంది, ఖాతాలో ఇచ్చిన అనుమతి మిగిలిపోతుంది. ముందు అనుమతి తీసి, తర్వాత యాప్ తీయండి.

## 5. ఈ ప్రకటన నాకే ఎందుకు వచ్చింది?

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో రాజకీయ ప్రకటన కనిపిస్తే వెంటనే దాటేయకండి. కుడివైపు మూడు చుక్కలు నొక్కి, "వై యామ్ ఐ సీయింగ్ దిస్ యాడ్" తెరవండి.

అక్కడ వయసు, ప్రాంతం మాత్రమే రాసి ఉంటే మీరు మందలో ఒకరు, కంగారక్కర్లేదు. ప్రకటనదారు జాబితా వాడారని ఉంటే సంగతి వేరు. ఫోన్ నంబర్లో ఈమెయిళ్లో ఉన్న జాబితాను ఎవరో ఫేస్‌బుక్ యజమాని కంపెనీ మెటాకు ఎక్కించారు, మెటా దాన్ని ఖాతాలతో సరిపోల్చింది, అందులో మీరు దొరికారు. అంటే మీ నంబరో ఈమెయిలో అప్పటికే ఒక జాబితాలో ఉందన్నమాట.

అప్పుడు చేయాల్సింది:

1. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. ప్రకటనదారు పేరు, "పెయిడ్ ఫర్ బై" అన్న వరస రెండూ కనిపించాలి.
2. అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్ తెరవండి. జాబితా ఆధారంగా ప్రకటనలు చూపే వాళ్ల పేర్లు అక్కడ ఉంటాయి. ఒక్కొక్కరినీ తెరిచి, జాబితా వాడి ప్రకటనలు చూపించడానికి అనుమతి తీసేయండి.
3. అక్కడే యాడ్ టాపిక్స్‌లో సామాజిక అంశాలు, ఎన్నికలు, రాజకీయాలు అన్నదానికి "సీ లెస్" పెట్టండి. ప్రకటనలు తగ్గుతాయి, పూర్తిగా ఆగవు.
4. మెటా యాడ్ లైబ్రరీలో ఆ పేజీ పేరు వెతకండి. డబ్బు ఎవరు కట్టారు, సుమారుగా ఎంత ఖర్చయింది, ఏ వయసువాళ్లకి, ఏ రాష్ట్రంలో ఎక్కువ చూపించారు అన్నవి కనిపిస్తాయి.

నాలుగో మెట్టు తప్పకుండా చూడండి. "మన సిక్కోలు ముచ్చట్లు" లాంటి అమాయకపు పేరుతో మీమ్స్ పెట్టే పేజీ వెనక డబ్బు కట్టేది ఎవరో అక్కడ తేలిపోతుంది.

యూట్యూబ్ ప్రకటనల గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. ఎన్నికల ప్రకటనలను వయసు, లింగం, ప్రాంతం, చూస్తున్న అంశం దాటి గురిపెట్టనివ్వమని గూగుల్ 2020 నుంచి నియమం పెట్టుకుంది.

## 6. వాట్సాప్ గ్రూపులు

మన జిల్లాలో అసలు వ్యవహారం నడిచేది ఇక్కడే. గుడి కమిటీ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, జీడి రైతుల గ్రూపు, డయాలసిస్ రోగుల బంధువుల గ్రూపు... వీటిలో చేరిన ఏ ఒక్కరైనా సభ్యుల నంబర్లన్నీ చూడగలరు. పార్టీ బూత్ కన్వీనర్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గ్రూపులో ఉంటే చాలు. గ్రూపు పేరే మీరెవరో చెప్పేస్తుంది.

ప్రతి ఫోన్‌లో చేయాల్సినవి:

- సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్: "మై కాంటాక్ట్స్". అప్పుడు తెలియనివాళ్లు నేరుగా గ్రూపులో పడేయలేరు, ఆహ్వానం పంపాలి.
- ప్రొఫైల్ ఫోటో, అబౌట్, స్టేటస్: "మై కాంటాక్ట్స్".
- కాల్స్ కింద "సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్" ఆన్ చేయండి.
- తెలియని ప్రచార సందేశం వస్తే బ్లాక్ ఒక్కటే కాదు, "రిపోర్ట్" కూడా నొక్కండి. అయితే రిపోర్ట్ చేస్తే చివరి అయిదు సందేశాల దాకా వాట్సాప్‌కు వెళ్తాయని తెలుసుకుని నొక్కండి.

గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే నంబరు కూడా వచ్చేసిందనుకోవద్దు. ఉన్నన్నాళ్లు చూసినవాళ్లు చూసే ఉంటారు. అందుకని చేరకముందే ఆలోచించడం మేలు.

మీరే అడ్మిన్ అయితే మీ బాధ్యత ఎక్కువ. సమాచారం చెప్పడానికే గ్రూపు పెట్టి ఉంటే దాని బదులు కమ్యూనిటీ గానీ ఛానల్ గానీ పెట్టండి. కమ్యూనిటీ ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు అడ్మిన్లకు, ఎవరి కాంటాక్ట్స్‌లో ఉంటే వాళ్లకు మాత్రమే కనిపిస్తాయి. ఛానల్‌లో తోటి ఫాలోయర్లకు నంబర్లు కనిపించవు. మామూలు గ్రూపే కావాలంటే "అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ" ఆన్ చేయండి, చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయడం కుదరదు. చేరే లింకును గోడల మీద, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పెట్టేసి ఉంటే "రీసెట్ లింక్" నొక్కండి. "ఊళ్లో కుర్రాళ్ల నంబర్లు కాస్త పంపు తమ్ముడూ" అని పెద్దమనిషి అడిగితే, "అందరినీ అడిగి చెప్తానన్నా" అనండి. అడిగే పని ఎవరికీ నచ్చదు కాబట్టి సగం సార్లు ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

## 7. సర్వే ఫోన్లు, మిస్డ్ కాల్స్, క్యూఆర్ కోడ్‌లు

వాట్సాప్‌లో తిరిగే ఒక సర్వే ఫారం తెరిచి, నింపకుండా కిందిదాకా చూడండి. పైన పేరు, మండలం, ఊరు. తర్వాత "మీ ఊరి ప్రధాన సమస్య?" అని గడులు: రోడ్డు, తాగునీరు, కిడ్నీ వైద్యం, జీడిపిక్కల ధర. దాని కింద ఫోన్ నంబరు, పక్కన ఎర్ర నక్షత్రం. అది నింపకపోతే ముందుకు పోదు. చివర్లో "మీ ఇంట్లో ఓట్లెన్ని?"

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ వైద్యం గడిలో టిక్ పెట్టారంటే ఇంట్లో రోగి ఉండొచ్చని చెప్పినట్టే. అది అభిప్రాయ సేకరణ కాదు, మీ ఇంటి ఆరోగ్య సమాచారం. సమస్య చెప్పాలనుకుంటే గ్రామసభలో నోటితో చెప్పండి.

"ఫలానా అభ్యర్థి అయితే 1 నొక్కండి" అనే రికార్డు ఫోన్లలో కూడా ఇదే తంతు. ఈవీఎంలో నొక్కిన బటన్ రహస్యం. ఫోన్‌లో నొక్కిన అంకె మీ నంబరు పక్కన నమోదవుతుంది. ఏ అంకె నొక్కినా అంతే, కాబట్టి ఏదీ నొక్కకుండా ఫోన్ పెట్టేయండి.

మనిషి ఫోన్ చేస్తే ఇలా మాట్లాడొచ్చు:

"నమస్తే బాబూ, సర్వే నుంచి చేస్తున్నాం. మీ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయి?"

"ఏ సంస్థమ్మా? ఎవరి తరఫున? నా నంబరు ఎవరిచ్చారు?"

"పైనుంచి లిస్టు ఇచ్చారు బాబూ."

"అయితే ఆ లిస్టులోంచి నా నంబరు తీసేయమన్నానని రాసుకోమ్మా. జవాబులేమీ చెప్పను."

అంతే. ఆ అమ్మాయి మీద అరిచి లాభం లేదు, కాల్‌కు ఇంత అని పని చేస్తున్న మనిషి. పైగా తిడితే ఏ పార్టీని తిట్టారో కూడా రాసుకుంటారు. ఎవరికి ఓటేశారో చెప్పమని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టడానికి లేదు, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 94వ సెక్షన్ అదే చెబుతుంది.

పథకం పేరు చెప్పి వివరాలు తీసుకోవడం ఇంకాస్త ముదురు వ్యవహారం. మిస్డ్ కాల్ ఇస్తే నమోదు, గ్యారంటీ కార్డు నింపితే ఎన్నికలయ్యాక డబ్బు, ఇలాంటివి. సర్వేల ముసుగులో రేషన్ కార్డు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, బూత్ నంబరు అడుగుతున్నారని గుర్తించి, 2024 మే 2న ఎన్నికల సంఘం అలాంటి నమోదులు వెంటనే ఆపాలని పార్టీలన్నింటికీ చెప్పింది. అది లంచం కింద, అంటే అదే చట్టంలోని 123(1) సెక్షన్ కిందికి వచ్చే అవకాశం ఉందని కూడా హెచ్చరించింది.

గుమ్మం దగ్గర ఇవ్వకూడనివి:

- ఓటీపీ. ఏ కారణం చెప్పినా సరే. పార్టీ సభ్యత్వం మీ పేరున నమోదైపోవచ్చు, అంతకన్నా పెద్ద నష్టమూ జరగొచ్చు.
- ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ ఫోటోలు.
- ఇంట్లో మిగతావాళ్ల నంబర్లు.
- కార్డుతో కలిపి సెల్ఫీ.

బీఎల్‌వో, అంటే బూత్ స్థాయి అధికారి వస్తే మాత్రం ఇది వేరే సంగతి. ఆయన ఎన్నికల సంఘం తరఫు మనిషి. గుర్తింపు కార్డు చూసి మాట్లాడండి, ఫారాల విషయంలో సహకరించండి. పార్టీ బూత్ ఏజెంటునూ బీఎల్‌వోనూ ఒకరే అనుకుని ఆధార్ ఇచ్చేసేవాళ్లు ఊళ్లలో ఎక్కువ.

## 8. వలస వెళ్లినవాళ్లకి ఒక్క మాట

కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి హైదరాబాద్, చెన్నై వెళ్లినవాళ్లకి, వేట కోసం గుజరాత్ వెళ్లిన మత్స్యకారులకి పోలింగ్ ముందు "బస్సు పెడుతున్నాం, పేరివ్వండి" అని కబురొస్తుంది. జాబితాలో పేరు, ఫోన్, ఊరు, బూత్, ఓటరు కార్డు నంబరు అడుగుతారు. బస్సు ఎక్కించుకోవడానికి పేరు, ఎక్కే చోటు, ఎంతమంది అన్నవి చాలు. మిగతావి బస్సుకు అక్కర్లేదు. అభ్యర్థి తరఫున ఓటర్లను పోలింగ్ కేంద్రానికి ఉచితంగా వాహనంలో తీసుకెళ్లడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5) సెక్షన్ ప్రకారం అక్రమమే, అది కూడా తెలిసి ఉండటం మంచిది.

## 9. ఫిర్యాదు చేయాలంటే

చాలామంది కోపంలో ముందు మెసేజ్ డిలీట్ చేసి, తర్వాత ఫిర్యాదు ఎక్కడ అని అడుగుతారు. ముందు ఆధారం.

- నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్.
- లింకు ఉంటే పూర్తిగా కాపీ చేసి దాచుకోవడం. తెరవడం కాదు.
- ఫోన్ అయితే ఎవరు, ఏ సంస్థ అన్నారో అప్పుడే రాసుకోవడం.

తర్వాత ఎక్కడికన్నది సందర్భాన్ని బట్టి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు ఎన్నికల సంఘం ఫిర్యాదుల సదుపాయం సీ-విజిల్ పనిచేస్తుంది, 100 నిమిషాల్లో స్పందించాలన్నది దాని లెక్క. కానీ అందులో అక్కడికక్కడ తీసిన ఫోటో, వీడియో, ఆడియోలే తీసుకుంటారు, గ్యాలరీలోని స్క్రీన్‌షాట్ పనికిరాదు. గ్యారంటీ కార్డులు పంచుతుంటే సీ-విజిల్, వాట్సాప్ మెసేజ్ అయితే ఓటరు హెల్ప్‌లైన్ 1950 లేదా రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో మూకుమ్మడి ఎస్ఎంఎస్‌లు, రికార్డు వాయిస్ సందేశాలు వస్తే అదీ చెప్పండి.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూస్తుంది. వాటికి కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

సర్వే పేరుతో డబ్బు పోతే ఇవేవీ కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

ఇక డేటా చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రకటించిన గడువు ప్రకారం, మీ వివరాలు చెరిపేయమని అడిగే హక్కు వంటి ముఖ్యమైన భాగాలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. అప్పటిదాకా "నా వివరాలు తీసేయండి" అని అడిగిన మెసేజ్‌లు, ఈమెయిళ్లు దాచుకోండి.

## 10. చేశాక కూడా ఫోన్లు వస్తుంటే

వస్తాయి. పాత జాబితాలో ఎక్కిన నంబరు అందులోంచి ఎగిరిపోదు. ఈ పనులన్నీ కొత్త జాబితాలోకి ఎక్కకుండా, నంబరు పక్కన కొత్త సంగతులు చేరకుండా చూస్తాయి.

సిమ్ మార్చేద్దామనుకోవద్దు. బ్యాంకు, ఆధార్, గ్యాస్ అన్నీ మార్చుకోవాలి. పైగా వారం తిరక్కుండా కొత్త నంబరుతో మళ్లీ అవే గ్రూపుల్లో చేరతారు. దానికన్నా రెండో సిమ్ ఒకటి ఉంచుకుని గ్రూపులకు, ఫారాలకు అది వాడండి.

సర్వేకి కావాలని తప్పు జవాబులు చెప్పి మురిసిపోయేవాళ్లున్నారు. జవాబు తప్పయినా నంబరు పనిచేస్తోందని, ఫలానా బూత్‌దేనని వాళ్లకి తెలిసిపోయింది. వాళ్లకి కావాల్సింది అదే.

యాడ్ ప్రిఫరెన్సెస్‌లోని జాబితాల పేర్లు మాత్రం ఎన్నికల ప్రకటన వచ్చిన వారంలో ఒకసారి, పోలింగ్‌కు పది రోజుల ముందు ఇంకోసారి తెరిచి చూడండి. కొత్త పేర్లు చేరేది ఆ రోజుల్లోనే.